కొనువాని కన్ను, అమ్మువాని మౌనము

ప్రాణము లేని వస్తువును కొని మోసపోయినవానికి కలుగు నష్టము అతని సంచితోనే తీరిపోవును. చిల్లికుండ కొన్నవాడు మరియొక కుండ కొనుక్కొనును. చిల్లికుండకు బాధ లేదు. ప్రాణమున్న దానిని కొనునపుడు మాత్రము ఆ బేరములో మూడవ పక్షమొకటి ఉండును. దానికి నోరున్నది గాని మాట లేదు. అమ్మువాడును కొనువాడును ధర తేల్చుకొనుచుండగా అది పలుపు కొసన నిలిచి యుండును. దానికి జబ్బున్నదా? ఉన్నచో చెప్పవలసినవాడెవడు? అడుగవలసినవాడెవడు? చెప్పనందువలనను అడుగనందువలనను ఆ జీవి నశించినచో ఆ పాపమెవరిది?

ఈ ప్రశ్నను ఈ దేశపు శాసనము ఒకటిన్నర శతాబ్దము క్రిందటనే ఎదుర్కొన్నది. 1872 నాటి భారత ఒప్పందముల చట్టము తన 17వ విభాగములో మోసమనగా నేమో నిర్వచించి, ఒక గుర్రమును ఉదాహరణముగా నిలిపినది. ఒకడు తన గుర్రమును వేలములో అమ్ముచున్నాడు. గుర్రము ఆరోగ్యముగా లేదని అతనికి తెలియును. అతడేమియు అనడు. కొనువాడు కొనును. ఇది మోసము కాదని చట్టము తేల్చినది. అతడు అబద్ధమాడలేదు, ఊరకున్నాడు, అంతే. 1930 నాటి సరకుల విక్రయ చట్టము కూడ, కొన్ని మినహాయింపులు తప్ప, సరకు మంచిచెడ్డలను పరికించు భారమును కొనువాని మీదనే ఉంచినది.

అయితే 1872 చట్టములో ఆ వెంటనే రెండవ ఉదాహరణము వచ్చును. ఈసారి కొనునది అమ్మువాని కన్నకూతురు. అప్పుడే యుక్తవయస్సు వచ్చిన పిల్ల. గుర్రము అదే, జబ్బు అదే, మౌనము కూడ అదే. కాని ఇప్పుడు ఆ తండ్రి నోరు విప్పి చెప్పవలసినదే యని చట్టము అనుచున్నది. మారినదేమి? గుర్రము మారలేదు. అమ్మువానికిని కొనువానికిని నడుమ నున్న సంబంధము మారినది. పరాయివాని యెడ మౌనము చెల్లును, తనవారి యెడ చెల్లదు. శాసనమును వ్రాసినవారు తెలిసియో తెలియకయో ఇక్కడ ఒక గొప్ప ధర్మసూక్ష్మమును తాకిరి.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములలో పశువుల అంగడికి పోయినవారెవరికైనను ఒక సంగతి తెలియును. అక్కడ పేరు పెట్టి పిలుచుకొనువారు అరుదు. ముఖపరిచయము లేనివారు సైతము అన్నా, బావా, మామా, పెద్దయ్యా అని పిలుచుకొందురు. "నీతోని దాపరికమేంది బావా" అని అమ్మువాడు కొనువాని భుజము మీద చేయి వేయును. చట్టము తండ్రీకూతుళ్ళ నడుమ మాత్రమే చూపిన బాధ్యతను అంగడి భాష అందరి నడుమను ఒప్పుకొన్నట్లే కదా! నోటితో ఒప్పుకొనును, బేరములో మరచిపోవును. ఎదుటివానిని పరాయివాడని వేరుపరుపక తన యింటివానిగా ఎంచవలెనని చెప్పిన బసవేశ్వరుని వచనము తెలియని వీరశైవ గృహముండదు. ఆ వచనమును అంగడిలోనికి కొనిపోయినచో అమ్మువాని మౌనము అచ్చట నిలువజాలదు.

అమ్మువాని సంగతి ఇంత స్పష్టము గనుక దానిని గురించి పెక్కు మాటలు అనవసరము. చిక్కు కొనువానితోనే ఉన్నది. మోసపోయినవానిని లోకము జాలితో చూచును. అతని తప్పును ఎత్తిచూపుట క్రూరమని తలచును. కాని అతడు మోసపోయినది నిజముగా ఎదుటివాని నేర్పు వలననా, లేక తాను చూడదలచుకొనక పోవుట వలననా?

1967లో నాగార్జునసాగరు కాలువలకు నీరు విడిచిన తరువాత ఎడమ కాలువ క్రింద ఈ ప్రాంతమంతయు క్రమముగా వరిపొలమైనది. ఆ నాళ్ళలో రైతునకు ఎద్దుల జతయే ఆస్తి. ఎద్దును కొనబోవువాడు వెంట ఒక అనుభవశాలిని తీసికొనిపోవువాడు. ఆ పెద్ద మొదట దూరముగా నిలిచి పశువు నడకను చూచును. తరువాత నోరు తెరచి క్రింది దవడ పండ్లు లెక్కించును. పశువునకు పై దవడలో ముందు పండ్లుండవు. క్రింది దవడలో పాలపండ్లు ఊడి రెండు పండ్లు, నాలుగు పండ్లు, ఆరు పండ్లు, తుదకు ఎనిమిది పండ్లు వచ్చుటను బట్టి వయస్సు తెలియును. గిట్టలను తట్టిచూచును. మెడ మీద కాడి రాచిన పుండున్నదేమో తడిమి చూచును. ఇంతయు ముగిసిన పిమ్మట పైపంచ చాటున వ్రేళ్ళు పట్టుకొని దళారి ధర పలుకును. ట్రాక్టరులును కోతయంత్రములును వచ్చిన తరువాత ఎద్దుల బేరము సన్నగిల్లినది; పాడి గేదెలు, గొర్రెలు, మేకలు మిగిలినవి. బేరము మిగిలినది గాని ఆ పెద్ద వెంట వచ్చుట మాత్రము తగ్గినది.

అయితే ఆ పాత పరీక్షను మితిమీరి పొగడుట కూడ తగదు. పండ్ల తరువాత ఆ పెద్దలు ఎక్కువ సేపు వెదకినవి సుళ్ళు. ఏ సుడి ఇంటికి మంచిది, ఏ సుడి యజమానికి కీడు అను లెక్క వారికి కంఠస్థము. దగ్గుచున్న ఎద్దును కొన్నవారున్నారు. సుడి బాగులేదని దుక్క వంటి ఎద్దును విడిచినవారును ఉన్నారు. ఆ పరీక్ష యంతయు ఒకే ప్రశ్న చుట్టు తిరిగినది. ఈ పశువు వలన కొనువానికి మేలా, కీడా? కొనువాని వలన పశువునకు మేలా, కీడా యని వారడుగలేదు.

పాడి గేదె బేరమున జరుగు తంత్రములు ఈ ప్రాంతమున తెలియనివారు లేరు. అంగడికి తెచ్చు ముందు ఒక పూట, ఒక్కొక్కప్పుడు రెండు పూటలు, పాలు పితుకక ఆపుదురు. పొదుగు నిండి బిగిసి నిగనిగలాడును. కొనువాని కన్నులకది పాలసముద్రము, గేదెకది నరకయాతన. మరియొక గేదె దూడను ప్రక్కన కట్టి నిన్న మొన్న ఈనినదని చెప్పుదురు. నాలుగు చన్నులలో ఒకటి మూసుకొనిపోయినచో ఆ ప్రక్కను గోడవైపు నిలుపుదురు. కొమ్ములకు నూనె రాచి, వయస్సు తెలుపు గీతలను గీకి నునుపు చేయుదురు.

ఇవన్నియు తెలిసియు కొనువాడు చేయవలసిన పని కష్టమైనది కాదు. తాను స్వయముగా కూర్చుండి నాలుగు చన్నులను పితికి చూడవలెను. వీలైనచో రెండు పూటలు చూడవలెను. పాలలో తరకలు గాని నీరు గాని రక్తపు జీర గాని ఉన్నచో అది పొదుగువాపు. ముట్టె తడిగా నున్నదా, నెమరు వేయుచున్నదా, పేడ ఎట్లున్నది, ఊపిరి తీయునపుడు డొక్కలు ఎగసిపడుచున్నవా, చర్మము మీద గోమారులు ఎన్ని యున్నవి? ఇది చూచుటకు పట్టు కాలము ధర మీద పెనగులాడు కాలములో నాలుగవ వంతు కూడ కాదు. కంటికి కనబడని జబ్బులు వేరుగా నున్నవి. ఈసుడు రోగము అట్టిది. పశువు పైకి బాగుగానే యుండును. చూలు నిలువక ఈసుకొనిపోవును. పచ్చిపాల వలనను, ఈనినపుడు తాకుట వలనను అది మనుష్యులకు సోకి, విడువని జ్వరముగను కీళ్ళనొప్పులుగను పీడించును. దానిని తెలిసికొనుటకు రక్తపరీక్ష వంటి పరీక్ష చేయించవలెను. మండలములో పశువైద్యశాల ఉన్నది. సంచార పశువైద్యశాల కొరకు 1962 అను సంఖ్య ఉన్నది. పెద్ద మొత్తమును చేతిలో పట్టుకొని అంగడికి పోవు మనుష్యుడు ఆ పరీక్ష కొరకు ఒక దినము ఆగలేకపోవుటకు కారణమేమి?

కారణము ధర. ఇక్కడనే కొనువాని మనస్సులోని అసలు దోషము దాగియున్నది. అదే వయస్సు, అదే ఈత గల గేదెను నలుగురు ఒక ధర చెప్పుచుండగా, అయిదవవాడు దానిలో సగమునకు ఇచ్చెదనన్నచో, ఆ తగ్గిన సగములోనే జబ్బు వ్రాసియున్నది. కొనువానికది లీలగా తెలియును. అందుచేతనే అతడు అడుగడు. అడిగినచో నిజము చెప్పుదురేమో యని భయము. నిజము విన్నచో చౌకబేరము చేజారునేమో యని భయము. రేపు గేదె కూలబడినప్పుడు "నాకు తెలియదు" అనుటకు వీలుగా నేడు తెలియకుండ ఉండుట ఇది. దీనిని అజ్ఞానమనరాదు. అజ్ఞానము దానంతట అది వచ్చును. దీనిని ధర కట్టి కొనుక్కొన్నారు. అమ్మువాని మౌనమునకు కొనువాని మౌనము తోడైనపుడు ఇద్దరును కలిసి ఆ పశువును మోసగించినారని చెప్పుట అతిశయోక్తి కాదు.

దీనికి ఒక సమాధానము చెప్పుదురు. బీదవానికి చౌకబేరమే దిక్కు. పరీక్షలు కలిగినవారు చేయించుకొనునవి అని. ఈ మాటలో నిజము లేకపోలేదు. కాని జబ్బు గేదె పాడు చేయునది కలిగినవాని యింటిని కాదు, బీదవాని యింటినే. కలిగినవాడు ఒక గేదెను పోగొట్టుకొన్నను నిలదొక్కుకొనును. అప్పు తెచ్చి కొన్నవానికి గేదె పోవును, అప్పు నిలుచును. వెల తక్కువని జబ్బు పశువును కొన్న బీదవాడు తనకంటె బీదదైన ఆ పశువు మీద తన బరువును మోపుచున్నాడు.

ఇంతవరకు ఒక పశువు, ఒక ఇల్లు. గొర్రెల విషయమునకు వచ్చునప్పటికి బాధ్యత ఊరంత విస్తరించును. 2017 జూన్ 20న సిద్దిపేట జిల్లా కొండపాకలో తెలంగాణ ప్రభుత్వము గొర్రెల పంపిణీ పథకమును ప్రారంభించినది. ఇరువది గొర్రెలు, ఒక పొట్టేలు కలిసి ఒక యూనిట్టు. వెల 1,25,000 రూపాయలు. గొల్ల కురుమ కుటుంబము చెల్లించినది 31,250; తక్కిన మూడు పాళ్ళు ప్రభుత్వము భరించినది. తరువాతి విడతలో వెలను 1,75,000కును, లబ్ధిదారు వాటాను 43,750కును పెంచిరి. గొర్రెలను ఇరుగుపొరుగు రాష్ట్రములలో కొనిరి. పశువైద్యులును లబ్ధిదారులును కలిసి పోయి ఎంచుకొనునట్లు ఏర్పాటు చేసిరి. చెవులకు పోగులు వేసి బీమా చేయించిరి.

పథకము మంచిచెడ్డల చర్చ ఇక్కడ ఉద్దేశము కాదు. అది లేవనెత్తిన ధర్మసందేహము మాత్రము విచారింపదగినది. మూడు పాళ్ళు ప్రభుత్వము చెల్లించి, ఒక పాలు కాపరి చెల్లించినపుడు కొనువాడెవడు? చూడవలసిన కన్ను ఎవరిది? ధనములో మూడు పాళ్ళు ఇతరులది గనుక బాధ్యతలో మూడు పాళ్ళు ఇతరులదే యని కాపరి తలచుట సహజము. గొర్రెను మేపునది కాపరియే గనుక అతడే చూచుకొనునని ఉద్యోగి తలచుట కూడ సహజమే. ఇద్దరి సహజమైన తలపుల నడుమ లారీలో రాత్రింబవళ్ళు నిలుచుండి వచ్చిన గొర్రె దగ్గుచుండును. దూరప్రయాణపు బడలిక, నీరు మేత మారుట, క్రిక్కిరిసి నిలుచుట, వీటి వలన ఆరోగ్యముగా బయలుదేరిన గొర్రెకు సైతము ఊపిరితిత్తుల జబ్బు వచ్చును. పారుడు వ్యాధిని లోపల మోసికొనుచున్న గొర్రె మొదటి కొన్ని దినములు మామూలుగానే మేయును. ఆ దినములలోనే కొత్త గొర్రెలను పాత మందలో కలిపినచో ఒక గొర్రె జబ్బు ఊరి జబ్బగును.

కొన్నవాని రెండవ బాధ్యత ఇదియే; ఇది కొన్న తరువాత మొదలగును. కొత్తగా వచ్చిన జీవాలను రెండు మూడు వారములు వేరు దొడ్డిలో ఉంచవలెను, వేరు తొట్టిలో నీరు పెట్టవలెను, పాత మందను చూచుకొన్న పిమ్మటనే కొత్తవాటి వద్దకు పోవలెను, టీకాలు వేయించవలెను. కాపరి కులముల పెద్దలకు ఇది కొత్త విద్య కాదు. మందలో ఒక గొర్రె తల వంచిన తీరును బట్టియే జబ్బు పోల్చువారు ఈ ప్రాంతమున నేటికిని ఉన్నారు. 2009 నాటి పశువుల అంటువ్యాధుల నివారణ చట్టము కూడ జబ్బు పశువును వేరుపరచుటను, అధికారులకు తెలుపుటను యజమాని విధిగా నిర్ణయించినది. బీమా ఉన్నది గదా యని కొందరందురు. బీమా చచ్చిన గొర్రెకు వెల ఇచ్చును. ప్రక్కవాని మందలో చచ్చిన గొర్రెకు ఇవ్వదు. ఆ ప్రక్కవాడు ఏ బేరములోను లేడు, ఏ మౌనములోను పాలుపంచుకొనలేదు. అతడు చేసిన తప్పు పొరుగున ఉండుటయే.

బసవేశ్వరుని గురించి భక్తులు చెప్పుకొను కథ ఒకటి ఇచ్చట స్మరింపదగినది. ఆయన ఆవులను దొంగలు తోలుకొనిపోయిరి. వార్త తెచ్చినవారు నష్టమును గూర్చి వగచుచుండగా, ఆయన ఇంట మిగిలిన దూడలను చూచి, తల్లుల కొరకు అవి అలమటించును గనుక వాటిని కూడ దొంగల యొద్దకే చేర్చుమనెను. కథను ఔదార్యమునకు ఉదాహరణముగా చెప్పుదురు. దానిలో మరియొక అంశము కలదు. ఆవులు ఎవరివి అను ప్రశ్న తన పక్షమున తేలకపోయినను, దూడకు పాలు కావలెను అను ప్రశ్న ఆయనకు అట్లే నిలిచియుండెను. స్వామ్యము చేతులు మారినంతమాత్రమున జీవి అవసరము మారలేదు. అమ్మినవాడు చేతులు దులుపుకొనుటకును, కొన్నవాడు ఇంకను నాది కాలేదనుటకును నడుమ పశువు ఆకలి ఆగదు.

పశువులు, గొర్రెలు వేల సంవత్సరములుగా మనుష్యుని చెంత పుట్టి పెరుగుచున్నవి. వాటిని కొనుట, అమ్ముట జీవనములో భాగము. కాని మనుష్యుని చెంత పుట్టని జీవిని ధనమిచ్చి తెచ్చుకొనునపుడు ఇదే పరీక్ష సరిపోవునా? ఈ కాలమున నగరములలో పాములను సైతము ముచ్చటకు పెంచువారు కలరు. ఆఫ్రికా నుండి వచ్చిన బాల్ పైథాన్, అమెరికా నుండి వచ్చిన కార్న్ స్నేక్ వంటివి హైదరాబాదు వంటి పట్టణములలో చేతులు మారుచున్నవి. అట్టివాటిని పెంచువారు పాటించు పరీక్ష చాల సూక్ష్మమైనది. పాత కుబుసపు పొర కంటి మీద నిలిచిపోయినదా, పొలుసుల సందున పురుగులున్నవా, నోటి చిగుళ్ళలో చీమున్నదా, ఊపిరిలో గురక వినబడుచున్నదా, ఎన్ని దినములకు ఒకసారి ఆహారము తీసికొనుచున్నది అని చూతురు. కొండచిలువల జాతికి సోకు కొన్ని విషాణురోగములు నెలల తరబడి పైకి కనబడవు గనుక కొత్త పామును మూడు నెలలైనను వేరుగా ఉంచుట మంచిదని నిపుణులు చెప్పుదురు. 2024 ఫిబ్రవరిలో వెలువడిన నియమముల ప్రకారము, అంతర్జాతీయ ఒప్పందపు రక్షణలో ఉన్న ఇట్టి విదేశీ జీవులను కలిగియున్నవారు ప్రభుత్వమునకు తెలిపి నమోదు చేయించుకొనవలెను. విదేశీ పామును కొనువానికి ఆరోగ్యపరీక్షతో పాటు ఈ పత్రముల పరీక్షయు బాధ్యతయే. పత్రము లేని పాము ఎక్కడ పట్టుబడినదో, ఎట్లు దాటి వచ్చినదో, దారిలో ఎన్ని చచ్చినవో ఎవరెరుగుదురు?

ఈ దేశపు పాముల సంగతి వేరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము, దానికి 2022లో చేసిన సవరణ, వీటిని బట్టి నాగుపాము, రక్తపింజర, జెర్రిపోతు, కొండచిలువ మొదలగు వాటిని పట్టుట, ఉంచుకొనుట, అమ్ముట నేరములు. అయినను పల్లెలలో పాములకు ధనమిచ్చుట ఆగలేదు. శ్రావణములో నాగులపంచమి నాడును, కార్తికములో నాగులచవితి నాడును బుట్టలో పాము ఇంటి ముందరకు వచ్చును. గృహిణి గిన్నెడు పాలు పోసి రూపాయలు వేయును. ఆమె పామును కొనలేదు, నిజమే. కాని ఆ రూపాయలు మరుసటి పండుగకు మరియొక పామును పట్టుటకు ఇచ్చిన బయానాయే. ఆ పాముకు కోరలు పీకియుందురు. కొన్నిటికి నోరు దారముతో కుట్టియుందురు. పాము పాలను అరిగించుకొనజాలదు; దినముల తరబడి నీరు లేక ఎండిన గొంతుతో అది ఏ ద్రవమునైనను త్రాగును. చూచువారు దానిని భక్తి యనుకొందురు, దేవతాగ్రహణమనుకొందురు. రాతి నాగుకు పాలుపోసి, నిజమైన నాగు కనబడినంతనే కొట్టి చంపుమనువారి తీరును బసవేశ్వరుడు ఒక వచనమున నిలదీసెను. ఆయన కాలమునాటి ఆ రెంటి నడుమ నేడు మూడవది చేరినది. పూజయు చావును ఒకే బుట్టలో.

ఇంతకంటె విపరీతమైన బేరము మరియొకటి కలదు. రెండుతలల పామని పిలువబడు ఒక సాధుజీవి యున్నది. దానికి రెండు తలలు లేవు. తోక మొద్దుగా నుండి తలవలె తోచును. విషము లేదు. మట్టిలో, ఇసుకలో దాగి ఎలుకలను తిని బ్రతుకును, రైతునకు మిత్రము. అది ఇంట నున్నచో ఐశ్వర్యము కలుగుననియు, నిధులు దొరకుననియు, మొండి రోగములు తగ్గుననియు వదంతి పుట్టించి, లక్షల రూపాయలు చెప్పి అమ్మజూచి పోలీసులకు చిక్కినవారి వార్తలు తెలుగు పత్రికలలో తరచుగా వచ్చుచునే యున్నవి. దాని ధర బరువును బట్టి నిర్ణయింతురు. కొనువాడు దానిని తూచును, కొలుచును, చర్మమును పరికించును, చురుకుగా కదలుచున్నదా యని చూచును. పశువుల అంగడిలో ఏ కొనువాడును చూడనంత శ్రద్ధగా చూచును. పరీక్ష సంపూర్ణమే. కాని ఆ పరీక్షలో నెగ్గిన పామునకే కీడు ఎక్కువ. బక్కచిక్కిన పామును వద్దని విడిచిపెట్టుదురు. ఆరోగ్యముగా నున్నది సంచిలోనికి పోవును.

కనుక ఆరోగ్యమును పరీక్షించుట యొక్కటే కొనువాని ధర్మమని చెప్పుట చాలదు. పరీక్ష ఎవరి కొరకు అనునది చూడవలెను. పశువు బాగున్నచో కొందును, బాగులేనిచో కొనను అనువాని పరీక్షలో ధర్మమునకు కొంత చోటున్నది. ఈ జీవి నా చేతికి రావచ్చునా, రాకూడదా అను ప్రశ్న కూడ ఆ పరీక్షలో చేరినపుడే అది పూర్తియగును. పాము విషయమున ఆ ప్రశ్నకు జవాబు ముందుగానే వచ్చును. కనుక తరువాతి ప్రశ్నలతో పని లేదు.

ఇచ్చట దయ గలవారికి ఒక సంకటము ఎదురగును. అంగడిలో ఒక గేదె బక్కచిక్కి, కాలు కుంటుచు, ఎవ్వరును అడుగనిదై నిలిచియున్నది. ఆరోగ్యము లేదని దానిని విడిచిపోవుట ధర్మమా? దయయే మూలమని నమ్మినవాడు దానిని విడిచి, దుక్కగా నున్న గేదెను తోలుకొనిపోయినచో ఆ నమ్మకమునకు అర్థమేమి? ఈ ప్రశ్నకు ఒకే సమాధానము లేదు. జబ్బును ఎరిగియే, దాని వైద్యమునకు వ్యయము చేయగలిగియే, వేరు కొట్టము కలిగియే దానిని కొన్నవాడు మోసపోలేదు, ఇతరులను మోసగింపలేదు. అతడు చేసినది బేరము కాదు, సేవ. స్తోమతు లేనివాడు జాలిపడి కొని తన పాత పశువుల ప్రక్కన కట్టినచో, ఒక జీవి మీది దయ నాలుగు జీవుల మీద క్రౌర్యమగును. బుట్టలోని పాము విషయమున జాలితో కొనుట మరింత చెరుపు. నోరు కుట్టిన పామును విడిపించవలెనని ధనమిచ్చినవాడు ఒక పామును విడిపించి, దాని స్థానమున మరియొక పామును పట్టించుచున్నాడు. పాములవాడు కూడ తరతరముల వృత్తిని పోగొట్టుకొన్న బీదవాడే; అతనికి అన్నము పెట్టుటకు, పని చూపుటకు పాము అడ్డు రానక్కరలేదు. పామును గూర్చి అటవీశాఖకు తెలుపుటయు, మనుష్యునకు దాసోహము చేయుటయు ఏకకాలమున జరుగవచ్చును.

గుర్రపు ఉదాహరణములు రెండే కావు. 1872 చట్టములో మూడవది కూడ కలదు. ఇందులో కొనువాడు పరాయివాడే, కూతురు కాదు. అయితే ఈసారి అతడు ఊరకుండడు. నీవు కాదనకున్నచో గుర్రము ఆరోగ్యముగానే యున్నదని ఎంచుకొందునని అమ్మువానితో అనును. అమ్మువాడు మునుపటివలెనే మౌనము వహించును. ఇప్పుడు ఆ మౌనము పలుకుతో సమానమని చట్టము చెప్పుచున్నది. మొదటి ఉదాహరణములో నిర్దోషమైన మౌనమే ఇక్కడ దోషమైనది. అమ్మువాడు ఏమియు కొత్తగా చేయలేదు. కొనువాడు ఒక్క మాట అడిగినాడు.

అంగడిలో ఆ మాటను అడుగువారు తక్కువ. అడిగినను, దళారి చెవిలో మెల్లగా అడుగుదురు. ఇద్దరు పెద్దలను దగ్గరకు పిలిచి, గేదె ముందు నిలిచి, "అన్నా, దీనికి జబ్బేమన్న ఉంటె ఇప్పుడే చెప్పు. నువ్వు చెప్పకుంటె మంచిగున్నదనే తోలుకపోత" అని బిగ్గరగా అన్నచో ఏమగును? ప్రక్క బేరములవారు తలలు త్రిప్పి చూతురు. అమ్మువాడు ఒక క్షణము గేదెవైపు చూచును. ఒక్కొక్కడు, ఎడమ చన్ను కొంచెము గట్టిగా నున్నదని ఒప్పుకొని ధర తగ్గించును. ఒక్కొక్కడు నాలుగు చన్నులును పితికి చూపును. మరియొకడు ఏమియు అనక, పలుపు విప్పుకొని, గేదెను తోలుకొని అవతలి చెట్టు క్రిందకు పోవును.